మైకు ముందు ఆమె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హాలీవుడ్ కామెడీ "ఇన్ ఎ వరల్డ్" గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాం. సినిమా ట్రైలర్లకు గొంతివ్వాలని పట్టుబట్టిన కెరోల్ అనే అమ్మాయి కథ అది. ఆ సినిమా సంగతులు అడుగుతూ కొన్ని ఉత్తరాలొచ్చాయి. "మరి నేనూ ఆ పని చెయ్యగలనా?" అని అడుగుతూ ఇంకొన్ని వచ్చాయి. రెండు రకాలకూ ఇక్కడే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఈ సినిమా ఎవరు తీశారు? పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

రాసిందీ, తీసిందీ, కెరోల్‌గా నటించిందీ ఒక్కరే, లేక్ బెల్. 2013 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లేకి ఇచ్చే వాల్డో సాల్ట్ అవార్డు దీనికే వచ్చింది. తండ్రి శామ్‌గా ఫ్రెడ్ మెలమెడ్, సౌండ్ ఇంజనీర్ లూయిస్‌గా డెమెట్రి మార్టిన్ నటించారు. అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్లలోపు వాళ్లు థియేటర్‌కి పెద్దవాళ్ల తోడుతోనే వెళ్లాలి. బూతులున్నాయి, పడగ్గది మాటలున్నాయి. పిల్లలు పడుకున్నాక చూడండి.

ప్రశ్న: "ఒకానొక లోకంలో" అని ఒక కామెడీకి పేరేమిటి? అర్థం కాలేదు.

అమెరికా ట్రైలర్లలో ఏళ్ల తరబడి వినిపించిన ఎత్తుగడ అది. మన కథలకు "అనగనగా ఒక ఊళ్లో" ఎలాగో వాళ్ల ట్రైలర్లకు అది అలాగ. దాన్ని అందరి నోటా పలికించిన గొంతు డాన్ లాఫాంటైన్‌ది (1940–2008). ఆయన ఐదు వేలకు పైగా ట్రైలర్లు చదివాడు. ఆ మాట పుట్టడానికి గట్టి కారణమే ఉంది. ట్రైలర్‌కి దొరికేది రెండు, రెండున్నర నిమిషాలు. ప్రేక్షకుణ్ణి ఇంకో కాలానికో ఇంకో గ్రహానికో తీసుకెళ్లడానికి అందులో నాలుగు క్షణాలు కూడా మిగలవు. "ఇన్ ఎ వరల్డ్" అన్న మూడే మాటల్లో ఆ ప్రయాణం అయిపోతుంది.

లాఫాంటైన్ ఈ రంగంలోకి గొంతు పట్టుకుని రాలేదు. మొదట్లో ఆయనది రికార్డింగ్, ప్రకటనల తయారీ పని. 1964 నాటి కౌబాయ్ సినిమా "గన్‌ఫైటర్స్ ఆఫ్ కాసా గ్రాండే" ప్రకటన చదవాల్సిన మనిషి అందుబాటులో లేకపోతే, ఎంజిఎం స్టూడియో వాళ్లకు వినిపించడానికి ఏదో ఒకటి ఉండాలని తనే చదివేశాడు. వాళ్లకు అదే నచ్చింది. కెరోల్‌కి తలుపు తెరుచుకున్న తీరు కూడా దాదాపు ఇదే కాబట్టి సినిమా ఈసారి చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: సినిమాలో కెరోల్ "ఊరికే తాత్కాలికంగా" చదివిన ట్రాక్‌నే స్టూడియో వాళ్లు ఉంచేసుకుంటారు. నిజంగా అలా జరుగుతుందా? ఆ ట్రాక్ ఎలా చేస్తారు?

జరుగుతుంది. దాన్ని స్క్రాచ్ ట్రాక్ అంటారు. ఎడిటర్ ట్రైలర్ కోసేటప్పుడు వ్యాఖ్యానం ఎక్కడ పడుతుందో, ఎంతసేపు ఉంటుందో తెలియాలి. అసలు కళాకారుడికి ఫీజు కట్టే దశ అప్పటికి రాదు కాబట్టి దగ్గరున్న ఎవరిచేతో చదివించి పెడతారు. ఆ తర్వాత వారాల తరబడి ఎడిటరు, దర్శకుడు, నిర్మాత ఆ కోతను ఆ గొంతుతోనే పదేపదే వింటారు. చెవి దానికి అలవాటు పడిపోతుంది. చివరికి ఎంత పేరున్నవాడు వచ్చి చదివినా "ముందుదే బాగుందే" అనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి దారి మాకు తెలియదు. అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాం.

వీడియో మీద టైమ్‌కోడ్ (నిమిషం, సెకను, ఫ్రేము చూపే అంకెలు) కనబడే కాపీ అడగండి. ప్రతి వాక్యానికి నంబరు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రాసుకోండి. రెండు డైలాగుల మధ్య మూడు సెకన్ల ఖాళీ ఉందంటే, సినిమా లెక్కలో సెకనుకు 24 చొప్పున 72 ఫ్రేములు. అందులో మీ మాట 60, 65 ఫ్రేముల్లో ముగియాలి. ఖాళీ మొత్తం నింపేస్తే తర్వాతి డైలాగు మీ మాట తోక మీద పడుతుంది, రెండూ వినపడవు. చదివే ముందు "నాలుగో వాక్యం" అని నంబరు చెప్పి, ఒక క్షణం ఆగి, వెంటవెంటనే మూడుసార్లు చదవండి. మొదటిది మామూలుగా, రెండోది కొంచెం తగ్గించి, మూడోది మీకు తోచినట్టు. మూడూ ఒకేలా ఉంటే ఎడిటర్‌కి ఒక్కటి ఇచ్చినట్టే లెక్క. అన్నీ అయ్యాక నోరు మూసుకుని 30 సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పంపండి. మాటల మధ్య అతుకులు కనబడకుండా ఎడిటర్ పూసేది ఆ నిశ్శబ్దాన్నే.

ఎక్కువమంది దెబ్బతినేది రెండో విడతలో. వారం తర్వాత ఒక్క వాక్యం మారుస్తారు, మళ్లీ చదవమంటారు. అప్పటికి మైకు ఇంకో చోట ఉంటుంది, మీరు ఇంకాస్త దగ్గరగా నిలబడతారు, ఆ ఒక్క వాక్యం వేరే మనిషి చదివినట్టు వినిపిస్తుంది. నేల మీద మీ పాదాల దగ్గర టేపు ముక్క అంటించండి, మైకు దూరం, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట) నంబరు కాగితం మీద రాసుకోండి. మళ్లీ చదివే ముందు పాత రికార్డింగు రెండుసార్లు వినండి.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. స్క్రాచ్‌కి ఇచ్చేది వేరు, అదే గొంతు చివరి ట్రైలర్‌లో వాడితే ఇచ్చేది వేరు. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: ట్రైలర్లకు ఆడగొంతు పనికిరాదని శామ్ కూతురితో అంటాడు. అది సినిమా కోసం పెంచి చెప్పిందా?

పెద్దగా పెంచలేదు. 2000లో వచ్చిన "గాన్ ఇన్ 60 సెకండ్స్" ట్రైలర్‌ని మెలిస్సా డిస్నీ చదివితే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆడగొంతు ట్రైలర్ అనగానే దాన్నే ఉదాహరణ చూపిస్తారు. ఉదాహరణకు ఒక్కటే దొరుకుతోందంటే తలుపు ఎంత బిగించి ఉండేదో ఊహించండి. కార్టూన్లలో, వాణిజ్య ప్రకటనల్లో మాత్రం ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

ఇంకో మార్పూ వచ్చింది. ఈ సినిమా వచ్చేనాటికే ట్రైలర్లలో వ్యాఖ్యానం తగ్గిపోతోంది. డైలాగులు, తెర మీద అక్షరాలు ఆ చోటు తీసుకున్నాయి. కాబట్టి ట్రైలర్ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోకండి. ఆడియో పుస్తకాలు, పాఠాల వీడియోలు, ప్రకటనలు, ఆటల పాత్రలు, ఫోన్‌లో "ఒకటి నొక్కండి" అని చెప్పే గొంతులు, ఇక్కడే ఎక్కువ పని.

ప్రశ్న: నాది సన్నని గొంతు. గంభీరంగా వినిపించాలని కిందికి దింపి చదువుతున్నాను. పది నిమిషాలకే గొంతు పట్టేస్తోంది. ఏం చెయ్యాలి?

దింపడం ఆపెయ్యండి. మామూలు మాటల్లో మగవాళ్ల స్వరతంతువులు సెకనుకు సుమారు 85 నుంచి 180 సార్లు, ఆడవాళ్లవి సుమారు 165 నుంచి 255 సార్లు కంపిస్తాయి. తంతువుల పొడవు, మందం మీద ఆధారపడ్డ లెక్క ఇది, పట్టుదలతో మారేది కాదు. బలవంతంగా దింపితే స్వరపేటిక కిందికి నొక్కుకుంటుంది, శ్వాస చాలదు, వాక్యం చివర గొంతు గరగరమంటుంది. మీకు పట్టేస్తున్నది అందుకే.

మీ సహజ స్థాయి తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ఎవరో మాట్లాడుతుంటే ఆలోచించకుండా "ఊఁ, ఊఁ" కొడతాం చూడండి, ఆ ఊకొట్టే స్వరం దాదాపు మీ సొంత స్వరం. అదే స్వరం మీద "ఊఁ... ఇవాళ" అంటూ మాట మొదలుపెట్టండి. మీరు రోజూ మాట్లాడేది అంతకంటే బాగా పైన ఉంటే, చిన్నపిల్లలా ముద్దుగా పలకడం ఎప్పుడో అలవాటైందన్నమాట. సినిమాలో కెరోల్‌కి చిరాకు తెప్పించేది ఆ అలవాటే. ఊకొట్టే స్వరమే సన్నగా ఉంటే అది మీ గొంతు, దానిలో తప్పేమీ లేదు. ఈ తేడాను సినిమా ఇంకాస్త స్పష్టంగా చూపించి ఉండాల్సిందని మా అభిప్రాయం. పుట్టుకతో సన్నగొంతున్న అమ్మాయిలు ఆ సన్నివేశాల దగ్గర చిన్నబుచ్చుకుంటారు.

గాంభీర్యం స్వరం ఎత్తులో కంటే వేగంలో, నిలుపులో ఎక్కువ ఉంటుంది. పదిశాతం నెమ్మదించండి, వాక్యం చివర స్వరాన్ని పైకి లేపకుండా దించి ముగించండి. మైకు కూడా కాస్త సాయం చేస్తుంది. ముందువైపు నుంచే వినే కార్డియాయిడ్ రకం మైకులకు దగ్గరగా వెళ్లేకొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది. జానెడు దూరం నుంచి అర జానెడుకి వచ్చి వినండి, తేడా మీకే తెలుస్తుంది. అయితే ఆ దూరంలో తల అటూ ఇటూ కదిలితే గొంతు రంగు మాటమాటకీ మారిపోతుంది. చిన్న వాక్యాలకే వాడుకోండి.

ప్రశ్న: సాధన కోసం ట్రైలర్ మాదిరి మూడు వాక్యాలు రాసుకున్నాను. "మూడేళ్లుగా చినుకు లేని ఊరు. దాచుకున్న విత్తనాలు ఒక్క గంపెడు. కాపలా ఒక్క ఆడమనిషి." ఎలా చదివినా వార్తలు చదివినట్టే ఉంది.

వాక్యాలు బాగున్నాయి, మార్చకండి. పెన్సిల్ తీసుకుని మాతోపాటు గుర్తులు పెట్టండి.

మొదటి వాక్యంలో బరువు "మూడేళ్లు" మీద వెయ్యాలనిపిస్తుంది, వార్తల తీరు అక్కడే వస్తోంది. అంకె సమాచారం మాత్రమే, బాధ "చినుకు"లో ఉంది. వాన అని కాకుండా చినుకు అని రాశారు కదా, ఆ చిన్న మాటను చిన్నగానే పలకండి. దాని ముందు కన్ను మూసి తెరిచేంత ఆగితే చాలు. తర్వాత "ఊరు". తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. శ్వాస అయిపోయేసరికి ఆ చివరి "రు" గాలిలో కలిసిపోయి "ఊ" మాత్రమే మిగులుతుంది. దాన్ని కాపాడాలని "ఊరూ" అని సాగదీస్తే నాటకం అవుతుంది. వాక్యం మొదలుపెట్టే ముందే పొట్ట దాకా గాలి తీసుకోండి, "రు" కురచగానే ఉన్నా వినపడుతుంది.

"ఒక్క" రెండుసార్లు వచ్చింది, మీ మూడు వాక్యాలకూ ప్రాణం అదే. ద్విత్వాక్షరంలో క్, క మధ్య గాలి ఆగే ఒక చిన్న మౌనం ఉంటుంది. మొదటి "ఒక్క"ను మామూలుగా దాటెయ్యండి. రెండోదాని దగ్గర ఆ మౌనాన్ని రెట్టింపు సేపు పట్టి ఉంచి వదలండి. గొంతు పెంచొద్దు. అరవకుండానే బరువు వస్తుంది. ద్విత్వాలు తెలుగు చదివేవాళ్లకు దొరికిన పెద్ద ఆస్తి, చాలామంది వాటిని తొక్కుకుంటూ పోతారు.

"కాపలా" తర్వాత గాలి పీల్చకండి, ఆగండి అంతే. పీలిస్తే ఆ చప్పుడు మైకులో పడి ఉత్కంఠ పోతుంది. మొత్తం ఎనిమిది, తొమ్మిది సెకన్లలో రావాలి. ఐదు సెకన్లలో అయిపోతే మీరింకా వార్తలే చదువుతున్నట్టు.

ప్రశ్న: ఇంట్లో బట్టల అలమర ముందు కూర్చుని రికార్డు చేస్తున్నాను. డబ్బాలో మాట్లాడినట్టు వస్తోంది, వెనక "జుయ్" అని సన్నని మోత కూడా. ఖరీదైన మైకు కొంటే పోతుందా?

పోదు, ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మైకు ఎంత మంచిదైతే గదిని అంత బాగా వింటుంది. డబ్బు ముందు గదికి ఖర్చు పెట్టాలి.

డబ్బా శబ్దం చిన్న చోటు వల్ల వస్తుంది. వేలాడే బట్టలు పై స్వరాలను పీల్చుకుంటాయి, మంద్ర స్వరాలను పీల్చుకోలేవు, అవి దగ్గరి చెక్కల మధ్య కొట్టుకుని మీ మాట వెనక గుయ్యిమంటాయి. అలమరలోకి తల దూర్చడం మానేసి, దానికి వీపు పెట్టి గది వైపు తిరిగి కూర్చోండి. మైకు వినేది మీ ముఖం వైపు, అంటే మీ వెనకున్న బట్టల వైపు. మీ వెనక, పక్కల మందపాటి బొంతలు గోడకు బెత్తెడు ఎడంగా వేలాడదీయండి. గోడకు అంటుకుని ఉన్న బొంత కంటే ఎడంగా ఉన్నది బాగా పనిచేస్తుంది. గది మధ్యలో చప్పట్లు కొట్టి చూడండి, చప్పట్ల వెనక కంచు మోగినట్టు తోక వినిపిస్తే ఇంకో బొంత కావాలి.

"జుయ్" మోతకు దొంగను పట్టుకోవాలి. ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చెయ్యండి. పోయిందంటే కరెంటు లైను నుంచి వస్తోంది. పోకపోతే ఫ్యాను, ఫ్రిజ్, ట్యూబ్‌లైటు ఒక్కొక్కటే ఆపుతూ పది సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి చూడండి. నిశ్శబ్దంలో రికార్డింగు మీటరు మైనస్ 60 డెసిబెల్ కంటే కింద ఉండాలి, ఆడియో పుస్తకాలవాళ్లు అడిగే పరిమితి అదే. చదివేటప్పుడు గట్టి మాటలు మైనస్ 12, మైనస్ 6 మధ్య తగలాలి. సున్నా తాకితే రికార్డింగులో గొంతు చిట్లుతుంది, తర్వాత బాగుచేసే మార్గం ఉండదు. మోతను సాఫ్ట్‌వేర్‌తో తుడిచెయ్యొచ్చని ఎవరైనా అంటే, కొంచెం వరకే. ఎక్కువ తుడిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే జల్లెడ) మైకుకి బెత్తెడు ముందు, నోరు మైకుకి జానెడు దూరంలో. మైకు సూటిగా నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు జరిపి మూతి వైపు తిప్పండి. ప, భ, ఫ అక్షరాల గాలి దెబ్బ పక్కనుంచి పోతుంది, స, శ కోత కూడా తగ్గుతుంది. వీడియోలకైతే రికార్డింగు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు ఎంచుకోండి.

ప్రశ్న: కెరోల్ రకరకాల యాసలను రికార్డర్‌లో పట్టుకుంటుంది. అది మంచి పద్ధతేనా?

పద్ధతి మంచిదే, అడక్కుండా చేస్తే మంచిది కాదు. సినిమా జరిగే కాలిఫోర్నియాలో గోప్యంగా అనుకుని మాట్లాడుకునే మాటలు రికార్డు చెయ్యాలంటే అందులో ఉన్న అందరి అనుమతీ కావాలి. కెరోల్ అక్క డాని చెల్లెలి కోసం పట్టిన ఒక ఐరిష్ గొంతు చివరికి ఎవరి చెవిన పడిందో, ఆ సంసారం ఏమైందో సినిమాలోనే చూశారు.

అందరిచేతా ఒకే పేరా చదివించండి, అప్పుడే పోల్చడానికి వీలవుతుంది. తర్వాత ఐదు నిమిషాలు వాళ్లకు ఇష్టమైన వంట గురించో పని గురించో మాట్లాడించండి, అసలు యాస అప్పుడు బయటపడుతుంది. ముందుగా పట్టుకోవాల్సింది వాక్యం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అనేది. అది రాకుండా నాలుగు ప్రత్యేక మాటలు మాత్రం నేర్చుకుని వాడితే ఆ ప్రాంతంవాళ్లకు వెక్కిరించినట్టే వినిపిస్తుంది.

ప్రశ్న: ముగింపు నాకు నచ్చలేదు. నిర్మాత వచ్చి "నువ్వు అందరికంటే గొప్పగా చదివావని కాదు" అంటుంది. అంత కష్టపడ్డ అమ్మాయిని అలా అవమానించాలా? (సినిమా చూడనివాళ్లు ఈ జవాబు దాటెయ్యండి.)

జీనా డేవిస్ చేసిన ఆ చిన్న పాత్ర చెప్పేది ఇదీ: ఆ ట్రైలర్‌కి ఆడగొంతు పెడితే వినే ఆడపిల్లలకు దానికో అర్థం ఉంటుంది, అందుకే నిన్ను తీసుకున్నాం. మాకు మాత్రం సినిమాలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న సన్నివేశం అదే. చివరి వరుస దాకా వచ్చినవాళ్లంతా బాగానే చదువుతారు. ఆ తర్వాత ఎంపిక జరిగేది ఆ గొంతు వింటే మనసులో ఏం మెదులుతుందన్న దాన్నిబట్టే. దశాబ్దాలపాటు మగగొంతుకు అవకాశం దక్కిందీ అలాగే, అప్పుడు దాన్ని ఎవరూ దయ అనలేదు. కెరోల్ ముఖంలో దెబ్బ కనబడుతుంది, నిజమే. తర్వాత ఆమె చేసేదేమిటో చూడండి. ఆడవాళ్లకు వాళ్ల సొంత గొంతుతో మాట్లాడటం నేర్పే పని మొదలుపెడుతుంది. వచ్చిన అవకాశాన్ని ఆమె అలా ముందుకు తీసుకెళ్లింది.

ప్రశ్న: నమూనా రికార్డింగు ఎంతసేపు ఉండాలి? ఏమేం పెట్టాలి?

నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ఐదారు ముక్కలు, ఒక్కొక్కటి పది పదిహేను సెకన్లు. మీకు అన్నిటికంటే సులువుగా వచ్చేది మొదట పెట్టండి, వినేవాళ్లు చాలాసార్లు పది సెకన్లు దాటి వినరు. ముందు సంగీతం, మీ పరిచయం వద్దు. ప్రకటనలకు ఒక ఫైలు, కథలకు ఇంకో ఫైలు. నకిలీ గొంతులు, ప్రముఖుల అనుకరణ వద్దు.

ఒప్పందంలో "ఈ రికార్డింగును కృత్రిమ గొంతు తయారీకి వాడకూడదు" అన్న వాక్యం రాయించుకోండి. 2023లో అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా 118 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఈ అనుమతి సంగతి కూడా ఒకటి.

ప్రశ్న: రికార్డింగుకి ముందు వేడినీళ్లు, మిరియాల పాలు తాగమంటున్నారు. నిజంగా పనిచేస్తాయా?

హాయిగా ఉంటాయి, తాగండి. కానీ మింగిన ఏదీ స్వరతంతువులను తాకదు, ఆ దారి మూసుకుని అన్నవాహికలోకి పోతుంది. తంతువులు తడిగా ఉండాలంటే ఒంట్లో నీళ్లుండాలి, కాబట్టి రికార్డింగు రోజు పొద్దున్నుంచే కొంచెం కొంచెంగా తాగండి. నోట్లో "టిక్ టిక్" చప్పుళ్లు వస్తుంటే పుల్లటి ఆపిల్ ముక్క నమిలి నీళ్లతో పుక్కిలించండి.

గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా కొనను రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, బుడగలు ఆగకుండా "ఊ" అంటూ ఐదు నిమిషాలు స్వరాన్ని కిందా మీదా జార్చండి. మైకు ముందుకు వెళ్లే ముందు ఇంతకంటే మంచి సాధన లేదు. మాటిమాటికీ గొంతు సవరించుకుంటే తంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి, దానికి బదులు గుటక వెయ్యండి. బొంగురు పోయినప్పుడు గుసగుసలాడటం కూడా విశ్రాంతి కాదు. మౌనంగా ఉండండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చిట్కాలు ఆపి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి. తంతువుల మీద కాయలు కట్టాయేమో వాళ్లు కెమెరాతో చూసి చెబుతారు.